కత్తి పట్టిన రుద్రమ, రాజ్యమేలిన రుద్రమ

మధ్యయుగపు కథలో నేటి మనసున్న నాయికను నిలబెట్టాలంటే తెలుగువాడి చూపు ముందు కాకతీయ రాణి రుద్రమ ఏలిన ఓరుగల్లు మీదకే పోతుంది. అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’, గుణశేఖర్ 2015లో తీసిన ‘రుద్రమదేవి’ సినిమా, రెండిటిదీ ఒకే కాలం, చాలావరకు అవే పాత్రలు. నాయికకు దక్కిన స్వేచ్ఛ మాత్రం వేరు.

సహాయనిరాకరణోద్యమంలో జైలుకెళ్లిన బాపిరాజు, ఆడవాళ్లు గడప దాటి జెండా పట్టిన రోజుల మనిషి. ఆ గాలి నవలలోని నాయిక అన్నాంబికకు సోకింది. తన పెళ్లికొడుకును గన్నారెడ్డి ఎత్తుకుపోతే ఆమె తలరాతనుకుని మూల కూర్చోదు. రుద్రమ కొలువులో చేరి ఆయుధం పడుతుంది, మనసిచ్చినవాణ్ని తానే ఎంచుకుంటుంది. సింహాసనం బరువు లేదు కాబట్టి రాణికి లేని వెసులుబాటు ఆమెకుంది.

సినిమా బరువంతా రహస్యం మీద పెట్టింది. రుద్రదేవుడనే మగపిల్లాడిగా పెరిగిన రుద్రమ ఆడదని ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక జనం ఒప్పుకుంటారా అన్నదే ఉత్కంఠ. అనుష్క నడకలోని రాజసం దాన్ని చాలాదూరం మోసింది. కానీ రుద్రదేవుడికి భార్యగా వచ్చిన ముక్తాంబ బతుకేం కావాలి? ఆడదాని హక్కు గురించి తీసిన సినిమా, ఇంకో ఆడదాని త్యాగాన్ని చప్పట్లతో సరిపెట్టేసింది.

శాసనాలు చెప్పే కథలో ఈ దాపరికం నిలవదు. పాలన చేపట్టాక కూడా రుద్రమను రుద్రదేవ మహారాజుగా రాశారు. మరోపక్క ఈ రాజ్యాన్ని ఏలేది రాణేనని మార్కో పోలోకే తెలుసు. అంటే మగపేరు వేషం కాదు, పదవితో వచ్చిన హోదా. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనముంది. కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలిగినందున, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడు. రాణినీ సేనానినీ ఒకే వరసలో తలచుకున్నాడు. ఆమె పోరులోనే పోయిందని చరిత్రకారులు ఊహించడానికి ఈ రాయే ఆధారం.

అంతటి రాణి, కూతుళ్లుండి కూడా వారసుడిగా తీసుకున్నది కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ని. తనకు తండ్రి ఇచ్చిన అవకాశం తన కూతురికి ఎందుకివ్వలేకపోయింది? ఆధునిక నాయికను వెతికేవాళ్లు అడగాల్సిన గట్టి ప్రశ్న ఇదే. నవల, సినిమా రెండూ ఆమె గెలుపు దగ్గరే ఆగిపోయాయి. అయినా ఎంచుకోమంటే నా ఓటు నవలకే. సినిమాలో రుద్రమ జనం ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తుంది, అన్నాంబిక ఎవరి ఒప్పుకోలూ అడగదు.