కట్టడముల ఛాయాచిత్రములందలి ప్రక్షిప్తములు

తామెన్నఁడును జూడని గుడిగోడలను ఛాయాచిత్రములఁ బట్టి చదువుట శాసనపరిశోధకుల కలవాటైన పనియే. తాళపత్రమున నొక యక్షరము తొలఁగినచో శంకించు పండితుఁడు ఛాయాచిత్రమును మాత్రము శంకింపఁడు. యంత్రమునకు పక్షపాతము లేదని యాతని నమ్మకము. ఆ యంత్రము ప్రక్కనే తొలినాళ్లనుండియు నొక కుంచె యుండెనని చూపుటకు, చెన్నరాజధానికి ప్రభుత్వ ఛాయాచిత్రకారుఁడుగా నుండిన లినేయస్ ట్రైప్ కృతులు చాలును.

ట్రైప్ 1856లో ఆ యుద్యోగమునకు నియుక్తుఁడై, 1857 తుది మొదలు శ్రీరంగము, పుదుక్కోట, మధుర, తంజావూరులఁ దిరిగి చిత్రములు తీసెను. అతఁ డెక్కువగా వాడినది మైనము పట్టించిన కాగితపు నెగెటివు. నాఁటి రసాయనములు నీలికాంతికి మిక్కిలి లోఁబడునవి గనుక, గోపురము చక్కగాఁ బడునప్పటికి ఆకాశము మాడి, అచ్చులో మచ్చల తెల్లకాగితమై మిగులుచుండెను. అందుచే నాతఁడు నెగెటివు మీఁద కుంచెతో రంగు పూసి మేఘములను గల్పించెను. నెగెటివునందలి నలుపు అచ్చునందుఁ దెలుపగును గదా! చెట్ల యాకులను గూడఁ గొన్నిచోట్ల దిద్దెను. ఈ మేఘములను నేను దోషముగా నెంచను. పాదపూరణమునకై కవి చొప్పించు నవ్యయము వంటి వవి. అర్థమునకు వానివలనఁ జెఱుపు లేదు.

తంజావూరి శాసనపటము వేఱొక తెగకుఁ జెందినది. 1858లో బృహదీశ్వరాలయపు టధిష్ఠానము మీఁది శాసనములను ట్రైప్ 21 ఖండములుగాఁ దీసి, వానినతికించి సుమారు 19 అడుగుల పటముగాఁ గూర్చెను. (అవి రాజరాజచోళుని దానశాసనములు. మన నన్నయభట్టునకు ప్రభువైన రాజరాజనరేంద్రుఁ డా చోళుని దౌహిత్రుఁడు; కావున మనకును వానితోఁ జుట్టఱికము కలదు.) ఒక్కచోట నిలిచి తీసినచో కొసల నున్న యక్షరములు క్రుంగి వంకరపోవును. గోడ వెంట నడచుచు ఖండఖండముగాఁ దీయుటచే ప్రతి యక్షరమును ఎదుట నిలిచినట్లు కనఁబడును. అట్టి దృశ్యమును ఏ కన్నును ఒక్కమాఱు చూచినది గాదు. దృశ్యము కల్పితము, పాఠము సత్యము. కల్పనచేతనే పాఠము చక్కఁబడినది.

ఈ యతుకులపని యిప్పుడు కత్తెర జిగురు విడిచి కంప్యూటరు నాశ్రయించినది. జర్మను చిత్రకారుఁడు ఆండ్రియాస్ గుర్‌స్కీ 1993లో పారిసునందలి మోంపర్నాస్ గృహసముదాయమును రెండుచోట్లనుండి తీసి, కంప్యూటరునందు ఏకము చేసెను. కిటికీల వరుసలు కొసలయందుఁ గుదించుకొనిపోక, వ్రాఁతప్రతిలోని పంక్తులవలె నిలిచినవి. ఇది తంజావూరి పటమునకు సజాతీయము. అతుకు మాత్రము కనఁబడదు. ఆతఁడే 1999లో రైను నదిని జిత్రించి, యావలి యొడ్డుననున్న కట్టడములను దుడిచివేసెను. తుడిచినట్లాతఁడు దాఁపఱికము లేకయే చెప్పెను. ఆ చిత్రమున కొక ప్రతి 2011లో న్యూయార్కు వేలమునందు 43 లక్షల డాలర్లకుఁ బైగాఁ బలికినది. చిత్రముగా నది గంభీరమే. కాని వివరణ పోయి పటము మాత్రము మిగిలినచో, ఆ యొడ్డు బయలని రాఁబోవు పరిశోధకుఁడు వ్రాయును. చేర్చినపద్యమును ఛందముననో భాషననో పట్టవచ్చును. తొలఁగించిన పద్యమున కేలక్షణమును మిగులదు. ఛాయాచిత్రమునను ప్రక్షిప్తముకంటె లోపమే యెక్కువ భయము గొల్పునది.

ఇది మనకు దూరపు మాట గాదు. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతియందుఁ ద్రవ్వి తీయించిన పాలఱాళ్లను ట్రైప్ 1858లో చెన్నపురి మ్యూజియమునందుఁ జిత్రించెను. మఱు సంవత్సరమే యవి లండనునకుఁ బంపఁబడెను. సముద్రము దాఁటకముందు ఏ ఱాయి యెంతవఱకు విఱిగియున్నదో చెప్పు సాక్షులలో ఆ పటములు ముఖ్యములు. అచ్చటఁ గుంచె యొక్క విఱుపును బూడ్చియున్నచో మనవాదములేమగును? నేఁడు పాతపటములను మరల నచ్చువేయువారు మచ్చలతోపాటు పగుళ్లను గూడ కంప్యూటరుతోఁ దుడిచివేయఁగలరు. వెనుకకు వాలినట్లున్న గోపురమును నిటారుగా సాగఁదీయుట చేతిఫోనునందే జరుగుచున్నది. అట్లు సాగఁదీసిన పటమున ఎత్తువెడల్పుల నిష్పత్తి మాఱును. దానినిబట్టి కొలతలు వ్రాసినవాఁడు తప్పును.

పరిష్కర్త తాను పూరించిన యక్షరములను కుండలీకరణమున నుంచును. పటము క్రిందను “అతికినది”, “తుడిచినది”, “సాగఁదీసినది” యని యొక్క పంక్తి వేయుట కష్టము గాదు. మార్పునకుముందటి ప్రతిని గూడ దాఁచవలెను. ట్రైప్ నెగెటివులు పెక్కులు మిగిలియున్నందుననే, వానిని వెలుఁగున కెత్తి పట్టి, యేది యాకాశమో యేది కుంచెయో నేఁడు చెప్పఁగలుగుచున్నాము.