పోగులో ముడి

సారంగాపురమునుండి సిరిసిల్లకు పోయినప్పుడెల్ల సాంచాల చప్పుడు విని నిలిచిపోవుట నాకు పాత అలవాటు. పడుగులో పోగు తెగినంతనే సాంచా నాపి, రెండు వ్రేళ్లతో ముడివేసి, ఆ ముడి బట్టపై కానరాకుండ నదిమివేయు నేతగానిని చూచి చూచి, ముడి యనునది దోషమే యని నేనును నమ్మియుంటిని. ఆ నమ్మికను సడలించినది అతివాహకతాశాస్త్రము.

1911లో కామర్లింగ్ ఆన్స్ 4.2 కెల్విన్ల చలిలో పాదరసము విద్యున్నిరోధమును కోలుపోవుట కనుగొనెను. అయస్కాంతక్షేత్రము హద్దు మీరినచో అతివాహకత యను ఆ గుణము నశించునని 1914 నాటికి ఆయనయే గ్రహించెను. అయితే నియోబియం టైటానియంవంటి మిశ్రలోహములలో ఆ నాశము ఒక్కపెట్టున రాదు. క్షేత్రము సన్నని సుడులై లోపల జొరబడును. ఒక్కొక్క సుడి మోయు అయస్కాంతాభివాహము 2.07×10⁻¹⁵ వెబర్లు, అంతకు హెచ్చదు, తగ్గదు. 1 టెస్లా క్షేత్రమున అవి దాదాపు 49 నానోమీటర్ల ఎడముతో, తేనెపట్టు గదుల నడిబిందువులవలె అమరును. 1957లో అబ్రికోసోవ్ లెక్కగట్టిన సుడుల వరుసలను 1967లో ఎస్మన్, ట్రాయిబ్లెలు అయస్కాంతరేణువులు చల్లి చూపిరి.

నిలిచిన సుడితో చిక్కులేదు. కాని విద్యుత్తు దానిని పక్కకు త్రోయును. కదలిన సుడి వేడి పుట్టించును, నిరోధము మరల తలయెత్తును. అందుచేత నియోబియం టైటానియం తీగలు చేయువారు బుద్ధిపూర్వకముగా లోపల టైటానియపు పొరలవంటి దోషములను పెంచి, సుడులను వానికి తగిలించి కట్టివేయుదురు. నేతగాడు దాచు ముడికి అచ్చట పెద్దపీట! ఎమ్మారై యంత్రమునకు ఆధారము ఆ ముడులే.

తీగను సుడికి చోటు చాలనంత సన్నము చేసినచో కథ మారును. క్షేత్రమునకు ప్రవేశము కరవై, సన్నతీగ దళసరిదానికంటె ఎక్కువ క్షేత్రమునకు ఓర్చును. అగ్గిపెట్టెలో పట్టు చీర నేసిన నల్ల పరంధాములు గారి ఊరైన సిరిసిల్లవారికి సన్నదనపు సత్తువను నేను వేరే చెప్పనక్కరలేదు. కాని దాని చావు వేరు. జంటలుగూడిన ఎలక్ట్రానుల లయ ఏదో ఒకచోట లుప్తమై, ఒక పూర్తిచుట్టు జారి, సెకనులో కోటివంతు గడవకమున్నే తిరిగి కూడుకొనును. క్షేత్రము పెరిగినకొలది ఈ జారుళ్లు సులభమై, ఒక్కొక్క జారుడు కొంచెము కొంచెముగా నిరోధమును తెచ్చిపెట్టును.

ఇది యంతయు నా నోట వినిన ముసలి నేతగాడొకడు నాడెను చేతబట్టి, "గంత జల్ది దానంతటదే అతుకుతదా సారూ? మరి మా పోగుకేం రోగం?" అని, తెగిన కొసను వెదకుచు మరల సాంచాపైకి వంగెను.