పథకమునకు ఏది తూనిక?

పెద్ద సంస్థలో సాగు పథకములలో ప్రతిదాని విలువను, దానికి ముందుగా నిర్ణయించిన గమ్యముతోనే కొలుచుట పరిపాటి. లెక్కకు ఇది సులభమే. కాని ఆ కొలత సరియైనదా? భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారి ఎస్.ఎల్.వి.-3 పథకమును ఇందుకు ఒరగల్లుగా తీసికొనవచ్చును.

ఈ రాకెట్టు పొడవు సుమారు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. నాలుగు అంచెలలోను వాడినది ఘన ఇంధనమే. 40 కిలోగ్రాముల ఉపగ్రహమును భూసమీప కక్ష్యలో నిలుపుట దీని లక్ష్యము. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి లేచిన మొదటి నౌక, రెండవ అంచె నియంత్రణలోని లోపముచే సముద్రమున పడెను. 1980 జులై 18న రెండవది రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. 1981లో మూడవది ఉపగ్రహమును తగినంత ఎత్తునకు చేర్చలేకపోయెను. 1983 ఏప్రిల్ 17న నాలుగవది సఫలమైనది. అంతటితో పథకము ముగిసెను.

గమ్యమే తూనికయైనచో, నాలుగు ప్రయోగములకు పూర్తి ఫలితము రెండే. పైగా దేశ వనరుల పరిశీలనకు అంత చిన్న ఉపగ్రహము చాలదు. ఈ లెక్క తప్పు కాదు, అసంపూర్ణము.

సంస్థనంతటిని చూచినచో మరియొక లెక్క కనబడును. సుమారు 9 టన్నుల ఇంధనము గల దీని మొదటి అంచె పథకముతో అంతరింపలేదు. ఎ.ఎస్.ఎల్.వి.లో అట్టివి రెండు ఇరుప్రక్కల చేరినవి. తరువాత తొలి పి.ఎస్.ఎల్.వి. నౌకలలో దానినుండి రూపొందినవి ఆరు మోటారులు మొదటి అంచె చుట్టును అమరినవి. 1994 అక్టోబరు 15న అట్టి నౌకయే సుమారు 800 కిలోగ్రాముల ఉపగ్రహమును కక్ష్యకు చేర్చెను. ఒకదానికి పాదమైనది వేరొకదానికి భుజబలమైనది!

అయితే ఈ వాదమునందును ప్రమాదము కలదు. "అనుభవము మిగిలినది గదా" యను మాటతో ఏ వైఫల్యమునైనను కప్పిపుచ్చవచ్చును. కావున మిగిలినదేమి, దానినెవరు వాడిరి, ఏ పనిలో వాడిరి అని నిలదీసి అడుగవలెను. 1987, 1988లలో విఫలమైన ఎ.ఎస్.ఎల్.వి. కూడ ఈ పరీక్షకు నిలుచును. ప్రక్క మోటారుల అమరిక, ప్రయాణమధ్యమున దారిని తానే సరిదిద్దుకొను విధానము అందు పరీక్షింపబడి పి.ఎస్.ఎల్.వి.కి అక్కరకు వచ్చినవి. కాని 1994 వరకు పట్టిన కాలమును ఖర్చు పద్దులో వ్రాయక తప్పదు.

పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో మార్కులు వేయు ఉపాధ్యాయుడు సైతము "యంత్రము పనిచేసినదా?" యని అడిగి ఊరకుండరాదు. దానివలన తరగతికి చేకూరినదేమో, వచ్చే సంవత్సరము విద్యార్థులు దేనిని అందుకొందురో కూడ అడుగవలెను. ఈ రెండు ప్రశ్నలకును జవాబు దొరికిన పిదపనే తీర్పు న్యాయమగును.