లొట్టిలో నురగ

పంజాగుట్ట చౌరస్తా నుంచి నెక్లెస్ రోడ్డు ఎంతో దూరం కాదు. 2023లో అక్కడ నీరా కేఫ్ తెరిచాక, అమీర్‌పేటకు కోచింగ్ కోసం వచ్చిన కుర్రాళ్లు కూడా సిటీ దాటకుండానే తాటి నీరా రుచి చూడొచ్చు.

నీరా, కల్లు ఒకే గెల నుంచి దిగుతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా ఉంటుంది. పూయకపోతే ఈస్ట్ పని పట్టి గంటల్లోనే కల్లు చేస్తుంది. తెల్లటి నురగ, నాలుక మీద చిటపట! ఫ్రాన్స్‌లో వింటేజ్ షాంపేన్‌ను కనీసం 3 ఏళ్లు ఆపాలి. కల్లుకు అంత ఓపికెక్కడిది? పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు, ఇంకా ఉంచితే వెనిగర్ దారి.

గీత కార్మికుడి నేర్పంతా కత్తిలో ఉంది. మోకు బిగించి చెట్టెక్కి, గెల కొసను రోజూ పలచగా చెక్కుతాడు. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, కోయకపోతే ధార ఆగిపోతుంది. క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లులో ఈ పనితనం జాడే ఉండదు, ఒట్టి మత్తు తప్ప.

పైన పట్టు తప్పితే ప్రాణాలకే ముప్పు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఎంతో ముందే రావాల్సిన కిట్లవి.