బీరుకూ ఒక తేదీ ఉంది

బీరు సీసా చేతికిస్తే మా మేనల్లుడు పేరు చూడడు, ధర చూడడు. తిప్పి తేదీ వెతుకుతాడు. హోసూరులో పుట్టి, బతుకుతెరువు కోసం రోజూ అత్తిబెలె సరిహద్దు దాటి వెళ్లే వేలమందిలో వాడొకడు. బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో పని. "మామా, బీరంటే బ్రాందీకి చెల్లెలు అనుకుంటారు అందరూ. నువ్వు మాత్రం దాన్ని పెరుగనుకో" అన్నాడొకసారి. ఆ మాట విన్నాక మా తమిళనాడులోని ప్రభుత్వ మద్యం అంగళ్ల గురించి నా ఆలోచనే మారిపోయింది.

వాడు నాకు చూపించి మరీ నమ్మించాడు. ఒకే రోజు నింపిన రెండు సీసాల్లో ఒకటి ఫ్రిజ్‌లో ఉంచాడు, రెండోది ఎండాకాలమంతా మేడమీది గదిలో వదిలేశాడు. తర్వాత రెండూ పక్కపక్కన గ్లాసుల్లో పోశాడు. మొదటిదాంట్లో నారింజ తొక్క గిల్లినట్టు వాసన. రెండోదాంట్లో ఆ వాసన ఊసే లేదు, తడిసిన అట్టపెట్టె కంపు, నాలుకమీద ఒట్టి చేదు. బీరులో వేసే హాప్స్ పూల సువాసన నూనెలు వేడికి, గాలికి నిలవవు. సీసాలోకి చొరబడిన కాస్త ఆక్సిజన్ కూడా మెల్లగా తన పని తాను చేస్తుంది. వెలుతురు తగిలితే ఇంకో రకం కంపు పుడుతుంది, బీరు సీసాలు ముదురు గోధుమరంగులో ఉండేది అందుకే. అమెరికా బ్రూవర్లు ఒక మోటు లెక్క చెబుతారు: 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల చలిలో 300 రోజులు, ఈ మూడూ బీరుకు ఒకే వయసు.

ఇప్పుడు బెల్జియంలోనో ఇంగ్లండులోనో తయారైన క్రాఫ్ట్ బీరు కృష్ణగిరి దాకా రావాలంటే ఏం జరుగుతుందో చూడండి. ముందు ఓడ ప్రయాణం. 2023 చివరినుంచి ఎర్రసముద్రం దారి ప్రమాదంగా మారి, చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. చెన్నైలో దిగాక కస్టమ్స్. చాలా ఏళ్లుగా బీరుమీద సుంకం, సర్‌చార్జీ కలిపి 110 శాతం దాకా ఉండేది. తర్వాత ఆహార భద్రతా సంస్థ తనిఖీలు, మన దేశపు హెచ్చరికలతో లేబుళ్లు. అదయ్యాక రాష్ట్రం వంతు: లేబుల్ రిజిస్ట్రేషన్, ధర ఖరారు, హోలోగ్రాం, రాష్ట్ర ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ డిపో, అక్కణ్నించి అంగడి. ఏ బల్ల దగ్గరి ఉద్యోగినీ నేను తప్పుపట్టను. ఎవరి సంతకానికి వాళ్ల కారణం ఉంది. కానీ ఏ కాగితం కోసమూ బీరు ఆగదు, అది ముసలిదవుతూనే ఉంటుంది.

బీరుకూ బ్రాందీకీ ఉన్న తేడా మన చట్టానికి తెలియకపోలేదు. ఆల్కహాలు 10 శాతం, ఆపైన ఉన్న సరుకుకు గడువు తేదీ అక్కర్లేదంటుంది, కాబట్టి విస్కీకి, బ్రాందీకి ఆ బాధ లేదు. బీరుకు తప్పదు. దిగుమతి ఆహారానికి రేవులో గడువు 60 శాతమో, మూడు నెలలో, ఏది తక్కువైతే అది మిగిలి ఉండాలని కూడా నియమం. మంచి నియమం. కానీ ఆ లెక్క రేవు దగ్గర వేసేది. ఆ తర్వాత రాష్ట్రంలో గడిచే ప్రతి రోజూ ఆ మిగిలిన గడువులోంచే పోతుంది.

కాగితం బలం తెలియాలంటే బీరా 91 కథ చూడాలి. 2015లో బెల్జియంలో కాయించి తెచ్చిన బీరుతోనే అది మన మార్కెట్లోకి వచ్చింది, ఆ తర్వాత తయారీ ఇక్కడికి మారింది. దాన్ని నడిపే బీ9 బెవరేజెస్ తన పేరులోంచి 'ప్రైవేట్' అన్న ఒక్క మాట తీసేసింది. దాంతో రాష్ట్రాల్లో లేబుళ్లన్నీ మళ్లీ రిజిస్టర్ చేయించుకోవలసి వచ్చింది. నెలల తరబడి అమ్మకాలు ఆగి, సుమారు 80 కోట్ల రూపాయల సరుకును నష్టం కింద రాసుకున్నారు. బీరు మారలేదు, కాచినవాళ్లూ మారలేదు.

మన దగ్గర ఇంత జాగ్రత్త ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవాలి. హోసూరు పక్కనే ఉన్న తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధానిగా 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. హోసూరు, కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలోవే. పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. తాగుడు కొంపలు కూల్చిన ఊళ్లు చూసిన మనిషి ఆలోచన అది, దానిమీద నాకు గౌరవం ఉంది. 2024 జూన్‌లో కల్లకురిచ్చిలో కల్తీసారా 60 మందికి పైగా పొట్టన పెట్టుకున్నప్పుడు ఆ గౌరవం ఇంకా పెరిగింది. 1983లో టాస్మాక్ పుట్టింది, 2003లో చిల్లర అమ్మకాలూ దాని చేతికే వచ్చాయి. 2023-24లో రాష్ట్రానికి మద్యం మీద 45 వేల కోట్లకు పైగా వచ్చింది. నేటికీ మద్యం అమ్మకాల వెనకున్నది 1937 నాటి నిషేధ చట్టమే. నిషేధానికి, రాబడికి కట్టిన ఇల్లది. రుచికి, తాజాదనానికి అందులో గది కట్టలేదు.

ప్రైవేటుకు అప్పగిస్తే తీరుతుందా అంటే తీరదు. తెలంగాణలో అంగళ్లు ప్రైవేటువే, టోకు మాత్రం ప్రభుత్వ కార్పొరేషన్‌ది. ధరలు పెంచలేదని, బకాయిలు రాలేదని 2025 జనవరి 8న బీరు కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ అక్కడ సరఫరా ఆపేసింది, 20న మళ్లీ మొదలుపెట్టింది. మనకు ఆనుకునే ఉన్న కుప్పంలో, ఆంధ్రప్రదేశ్ అంతటా, 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు ప్రభుత్వమే అంగళ్లు నడిపింది. తెలిసిన బ్రాండ్లు కనబడవన్న ఫిర్యాదు ఆ రోజుల్లో ఊరూరా వినిపించింది. అటు స్వీడన్‌లో మద్యం అంగళ్లు దాదాపు అన్నీ ప్రభుత్వానివే. సిస్టెంబొలాగెట్ అనే ఆ సంస్థ పేరు కప్పి రుచి చూసి సరుకు ఎంచుకుంటుంది, అరలో లేనిది తెప్పించి ఇస్తుంది. అక్కడా ఉద్దేశం తాగుడు తగ్గించడమే. ప్రభుత్వ అంగడికి రుచి తెలియకూడదని ఎక్కడా లేదు.

పాడయ్యే సరుకును చల్లగా, త్వరగా పంపడం మా హోసూరుకు కొత్త కూడా కాదు. ఫిబ్రవరి 14కు ముందు ఇక్కడి పాలీహౌసుల గులాబీలు కోసిన వెంటనే చల్లటి గదికెళ్తాయి, అక్కణ్నించి విమానమెక్కి విదేశాలకు పోతాయి. రైతుకు, లారీవాడికి, అధికారికి ఆ తొందర తెలుసు.

నేను ఎక్కువ తాగించమని అడగడంలేదు. ఉన్న సరుకు మీద నిజం చెప్పమంటున్నాను. అంగడిలోని ధరల పట్టికలో దిగుమతి బీరు పక్కన తయారీ తేదీ కూడా రాయాలి. ఒకే బ్రూవరీ, ఒకే బీరు, కంపెనీ పేరు మాత్రం మారితే పాత లేబుల్ మీదే కొన్నాళ్లు అమ్ముకోనివ్వాలి. తెప్పించేటప్పుడు ఎంపికా సరిగ్గా ఉండాలి. ఓర్వాల్ లాంటి బెల్జియం బీర్లు, ఘాటైన నల్ల స్టౌట్లు వయసుతో బాగుపడతాయి, వాటికి ఈ దారి సరిపోతుంది. హాప్స్ వాసన కోసమే తాగే బీర్లను ఓడెక్కించడం దండగ. వాటిని ఇక్కడే కాచుకోనివ్వాలి. బెంగళూరులో, హైదరాబాదులో చిన్న బ్రూవరీలకు అనుమతులు వచ్చి చాలా ఏళ్లయింది. మా మేనల్లుడు నేర్చుకున్న పని సొంత ఊళ్లో చేసుకునే వీలు మాత్రం ఇంకా రాలేదు.