మార్చిన బండికి వెల కట్టుట

రత్నగిరి పాదమున తొలిపావంచాల చెంత వాహనపూజలు జరుగుట అన్నవరమునకు వచ్చిపోవువారందరకు తెలిసిన విషయమే. గోదావరి సీమలో బండి కొన్న గృహస్థుడు, అది కారైనను, లారీయైనను, ద్విచక్ర వాహనమైనను, దానిని సత్యదేవుని సన్నిధికి తెచ్చి, పసుపు కుంకుమలు అద్దించి, చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కించిన తరువాత గాని ఇంటి పనికి వాడడు. క్రొత్త బండి, పాత బండి అను భేదము అక్కడ లేదు; పరుల చేతినుండి కొన్నదానికిని అదే పూజ, అదే మర్యాద. కొబ్బరికాయ కొట్టిన పిమ్మట చుట్టునున్నవారిలో ఎవరో ఒకరు అడుగక మానని ప్రశ్న మాత్రము ఒకటి కలదు: "ఎంత పడిందండీ?" షోరూము బండి విషయమున దీనికి సమాధానము రసీదులోనే ఉండును. చేతులు మారిన బండి విషయమున కొంత తర్జనభర్జన జరుగును. కాని ఒకానొకడు తన ముచ్చట కొలదిని కోయించి, అతికించి, రంగులు మార్పించి, కొన్నాళ్లు తిరిగి, పిమ్మట అమ్మకమునకు పెట్టిన మోటారు సైకిలును గూర్చి ఈ ప్రశ్న వేసినచో, అమ్మినవాడును కొన్నవాడును కూడ తడబడుదురు. మా వాడుకలో 'మాడిఫై చేసిన బండి' అనబడు ఈ వస్తువునకు చెప్పిన ధర న్యాయమా, అన్యాయమా అని నిర్ణయించుట ఒక విద్య. చాలకాలముగా ఇరుగుపొరుగువారి కొరకు ఆ పని చేయుచున్నవాడను గనుక, నాకు తోచినది ఈ వారము విన్నవించుచున్నాను.

బీమా సంస్థలకు తరుగుదల పట్టిక ఒకటి ఉన్నది. బండి పుట్టిన ఆరు నెలల వరకు విలువలో నూటికి 5 వంతులు, ఏడాది నిండువరకు 15, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాల్గవ ఏట 40, అయిదవ ఏట 50 వంతులు తరుగునని ఆ పట్టిక చెప్పును; అయిదేండ్లు దాటిన పిమ్మట, ఇరుపక్షములును మాటలాడుకొని విలువ నిర్ణయించుకొనవలసినదని చెప్పి చేతులు దులుపుకొనును. మనకు పని పడునది సరిగా అక్కడనే. 1955లో మద్రాసు నగర శివార్లలోని తిరువొత్తియూరులో పుట్టిన ఎన్‌ఫీల్డు కర్మాగారమునుండి వెలువడిన బుల్లెట్లలో, పోత ఇనుప సిలిండరు గల పాత ఇంజను బండ్లు వయస్సు పెరిగిన కొలది వెల పెరుగుచున్నవి. 1985లో వచ్చి 1996లో నిలిచిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడ అట్టిదే. దానికొరకు మా యువకులు ఊరూర గాలించుచున్నారు. తయారీ నిలిచిన వస్తువునకు గిరాకి పెరుగుట సహజము. అయితే ఆ గిరాకి, ఆ బండి కర్మాగారమునుండి ఎట్లు వచ్చెనో అట్లున్నదానికే గాని, కత్తిరించినదానికి కాదన్న సూక్ష్మము అమ్మువారిలో పలువురకు రుచింపదు.

మార్పులు చేయించు వేడుక మనకు పడమటినుండి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో, బరువు తగ్గి వేగము పెరుగునని, మడ్‌గార్డులు కోసివేసి తిరిగిన యువకుల నాటనుండి అది బాగుగా వ్యాపించినది. 1969లో విడుదలయైన 'ఈజీ రైడర్' అను చలనచిత్రము ఆ ముచ్చటను లోకమంతటికి అంటించెను. ఆ చిత్రములోని పొడవైన ముందు ఫోర్కుల బండ్లను బెన్ హార్డీ, క్లిఫ్ వాస్ అను నల్లజాతి శిల్పులు, పోలీసు శాఖ వాడి వేలము వేసిన పాత హార్లే డేవిడ్‌సన్లను కొని, కోసి, నిర్మించిరి. వానిలో మిగిలినదిగా చెప్పబడిన యొక బండి 2014లో వేలమునకు వచ్చి పదమూడున్నర లక్షల డాలర్లు పలికెను. కాని అది నిజముగా చిత్రములో నడచిన బండియేనా అను వివాదము వెంటనే చెలరేగినది. అచ్చముగా అదే ఇనుము, అదే క్రోమియపు పూత, అదే రంగు. నిజమైనచో అంత వెల, కానిచో అందులో పదవ వంతయినను పలుకదు. కనుక మార్చిన బండి వెలలో కొంత భాగము, దానిని ఎవరు మార్చిరన్న రుజువునకు చెందును. హైదరాబాదులోని ఈమార్ కస్టమ్స్, జైపూరులోని రాజపుతానా కస్టమ్స్ వంటి పేరు గల శిల్పశాలల చేతి పని అని పత్రములు చూపగలిగినవాడు ఆ పేరునకు కొంత కోరుట న్యాయమే. ఊరి చివర వెల్డింగు కొట్టులో జరిగిన పనికి అదే లెక్క చెప్పినచో నేను అంగీకరింపను. అక్కడ పేరునకు గాక పనికే వెల.

ఇక సిద్ధాంతములు చాలించి, చూచినదానిని చెప్పెదను. నా మేనల్లుడొకడు కత్తిపూడివాడు, తునివైపు ఒక ఊరిలో 1998 నాటి బుల్లెటు అమ్మకమునకు ఉన్నదని, వెంట రమ్మని కోరెను. బండి ముదురు ఎరుపు రంగు. వెనుకటి మడ్‌గార్డు సగమునకు కోసి, 19 అంగుళముల చక్రము తీసివేసి 16 అంగుళముల వెడల్పాటి చక్రము వేసి, భుజములకంటె ఎత్తయిన హ్యాండిలు బిగించి, స్ప్రింగులపై ఒంటి సీటు అమర్చిరి. యజమాని ఒక పెద్దమనిషి; బండిని ప్రాణముగా చూచుకొన్నట్లు చూడగానే తెలియుచున్నది. ధర రెండు లక్షల ఎనభైవేలు చెప్పెను. చెప్పి, ఫైలు తెరచి, రసీదులన్నియు వరుసగా చూపెను. "నేను దీని మీద పెట్టిందే మూడు లక్షలు దాటిందండి. రెండు ఎనభైకి ఇస్తున్నానంటే నష్టానికే కదండి," అనెను. ఆ మాటలో అసత్యము లేదు. మేనల్లునికి కన్నులు బండిమీదనుండి మరలుట లేదు. "సౌండు విన్నారా మావయ్యా!" అని నా చెవిలో గుసగుసలాడెను.

మేము పోవుసరికే ఇంజను వెచ్చగా నుండెను. వెచ్చని ఇంజనును చూచి బండి కొనరాదు. చల్లారిన బండి ఎట్లు లేచునో అదియే దాని నిజస్థితి. టీ త్రాగుచు, పంటల మాటలు మాటలాడుచు, సిలిండరుపై చేయి ఆననిచ్చునంత దాక కూర్చుంటిమి. పిమ్మట ఆయన డీకంప్రెషను లివరు పట్టి, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు కిక్కు నెమ్మదిగా దింపి, ఒక్క నిండు తొక్కు తొక్కెను. రెండవ తొక్కునకు లేచినది. పొగలో నీలిఛాయ లేదు. బోరింగు రసీదు అడుగగా చూపిరి. మొదటి ఓవర్‌సైజే, అనగా ఇరవై పిస్టను. నలబై, అరవై దాటిన సిలిండరునకు ఇక స్లీవు వేయింపక తప్పదు గనుక, ఈ ఇరవై సంఖ్య ఆ బండికి మిగిలియున్న ఆయుర్దాయమును చెప్పుచున్నది. కనెక్టింగు రాడ్డు బేరింగును క్రొత్తదే. ఇంజనుకు వంక పెట్టుటకు నాకేమియు దొరకలేదు.

జేబులోనుండి చిన్న అయస్కాంతము తీసి, రంగు గీచుకొనకుండ గుడ్డలో చుట్టి, పెట్రోలు ట్యాంకు పొడవునను నడపితిని. లప్పము పూసి ఆకారము తెప్పించిన ట్యాంకుపై అయస్కాంతము జారిపోవును. ఇది అంతటను గట్టిగా అంటుకొన్నది. అనగా ఆ కన్నీటిబొట్టు వంటి వంపు అంతయు రేకును సుత్తితో కొట్టి తెచ్చినదే గాని, పూతతో దిద్దినది కాదు. రాజమహేంద్రవరములో వృద్ధుడైన టింకరింగు మేస్త్రీ యొకడు చేసెనని యజమాని చెప్పెను. ఆ చేతికి నేను మనసులో నమస్కరించితిని. కంపెనీ అచ్చులో పోసినదానికంటె మిన్నగా ఒక మనుష్యుని ముంజేయి తెచ్చిన వంపు అది. మార్పు చేసిన బండిలో నేను రొక్కమిచ్చి కొనదగినదని నమ్మునది ఇట్టి పనిని మాత్రమే.

పిమ్మట దారము. ఇది మా మెకానిక్కులు పూర్వమునుండి చేయు పరీక్ష. ఖర్చు లేదు, అబద్ధమాడదు. బండిని నిటారుగా నిలబెట్టి, వెనుక చక్రపు టైరు చుట్టు పురికొస తిప్పి, రెండు కొసలను రెండు ప్రక్కలను ముందు చక్రము దాక బిగువుగా లాగి పట్టుకొనవలెను. వెనుకటి టైరు వెడల్పు, ముందటిది సన్నము. కనుక ముందు టైరునకును దారమునకును నడుమ ఇరువైపుల సమానమైన ఎడము కనబడవలెను. ఒక ప్రక్క వేలెడు ఎడమున్నది. మరొక ప్రక్క దారము టైరునకు దాదాపు తగులుచున్నది. వెడల్పాటి టైరు చైనుకు రాచుకొనకుండుటకై చక్రమునే ఒక ప్రక్కకు జరిపి బిగించిరని అప్పుడు తెలిసినది. అట్టి బండి తిన్నని దారిలో కొంతసేపు బాగుగనే పోవును. జాతీయ రహదారిపై లారీ గాలి తగిలినప్పుడు, వానలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు, ఒక ప్రక్కకు లాగును. యజమాని ఆ దారమును చూచి చాలసేపు మాటలాడలేదు. ఆయన మోసగాడు కాడు. ఆయనకును ఎవ్వరును చెప్పియుండలేదు.

సత్యదేవుని వ్రతకథలో పడవనిండ సరకున్న సాధువర్తకుడు, లోపల ఏమున్నదని అడిగినవానికి ఆకులు అలములని చెప్పి చిక్కుపడిన వృత్తాంతము అన్నవరములో నిత్యము వినబడుచుండును. బండి బేరములో నాకు ఎదురగు చిక్కు దానికి విపరీతము. ఇక్కడ అమ్మువాడు లేనిదానిని ఉన్నదని చెప్పడు. ఉన్నదంతయు పరులకు కూడ తనకువలెనే విలువైనదని నిజముగా నమ్మును. హ్యాండిలు ఎత్తు ఆయన చేతుల పొడవునకు, సీటు ఆయన నడుమునకు, రంగు ఆయన కంటికి సరిపడినవి. కొనువాని దేహము వేరు. సంతలో ఎడ్లబేరగాడు కొమ్ములకు పూసిన రంగును లెక్కింపక పండ్లు చూచి వెల కట్టినట్లు, మనమును మొదట మార్పులన్నిటిని లేనివిగా భావించి, అదే సంవత్సరపు మార్పులేని బండి ఏ వెలకు పోవుచున్నదో అక్కడ మొదలిడవలెను. రసీదుల కూడిక అమ్మువాని అనుభవమునకు అయిన ఖర్చు. దానిని ఆయన ఇన్నేండ్లు తిరిగి అనుభవించియే యున్నాడు.

చట్టము కూడ ఈ లెక్కలో చేరును. మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను ఖండితముగా సమర్థించినది; అదే సంవత్సరపు సవరణతో, అట్టి మార్పు చేసిన యజమానికి మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానాయో, ఆరు మాసముల వరకు కారాగారమో, రెండునో విధింపవచ్చునని చేర్చిరి. పదునైదేండ్లు నిండిన బండికి అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను గనుక, 1998 నాటి ఈ బండి 2028లో మరల అధికారి కన్నుల ముందు నిలువవలసియున్నది. కనుక పాత సైలెన్సరు, పాత హ్యాండిలు, పాత మడ్‌గార్డు భద్రముగా ఉన్నవా అని నేను మొట్టమొదట అడుగుదును. ఆ తుప్పు పట్టిన సామాను పెట్టె, మెరయుచున్న క్రోమియముకంటె నా లెక్కలో ఎక్కువ. సముద్రపు గాలికి మా ప్రాంతమున ఆ క్రోమియము ఎన్నాళ్లు మెరయునో అందరకు తెలియును.

కాగితముపై ఆయన ఎదుటనే వ్రాసితిని. మార్పులేని బండి మా వైపు చేతులు మారుచున్న వెల లక్షా ఇరవైవేలు. చక్రము సరిచేయుటకు పదునెనిమిది వేలు తీసివేసితిని. టేపు చుట్టలతో నిండిన వైరింగు మార్చుటకు ఆరువేలు తీసివేసితిని. ఇంజను పనికి పదునైదు వేలు, ట్యాంకునకు ఇరవైవేలు చేర్చితిని. పాత సామాను ఉన్నది గనుక హ్యాండిలునకు, మడ్‌గార్డునకు కూడికయు లేదు, తీసివేతయు లేదు. లక్షా ముప్పదియొక వేయి వచ్చినది. చెప్పిన ధరలో సగమునకును తక్కువ. ఇట్టి అంకెను నవ్వుచు చెప్పరాదు, నలుగురిలో చెప్పరాదు, రెండుమారులు చెప్పరాదు. ఒక మనిషి ఏండ్ల తరబడి ప్రేమించినదానిని తూచునప్పుడు తూచువానికి గల ధర్మము అది. ఆయన కాగితము మడచి ఫైలులో పెట్టుకొని, "ఆలోచించుకుని చెబుతానండి," అనెను. మేనల్లుడు దారి పొడవునను మాటలాడలేదు.

కొన్ని దినములకు ఆయనయే ఫోను చేసెను. అటకమీదనున్న పాత 19 అంగుళముల చక్రమును దింపించి, స్పోకులు మార్పించి, బిగింపించినాడట. తానే పురికొస పట్టి చూచినాడట. "ఇప్పుడు రెండు పక్కలా ఒక్కలాగే వస్తోందండి. లక్షా యాభైకి ఇప్పించండి," అనెను. నా కాగితములో చక్రమునకు తీసివేసిన పదునెనిమిది వేలు తిరిగి చేర్చినచో లక్షా నలబదితొమ్మిది వేలు వచ్చును. వేయి రూపాయల కొరకు బేరమాడుట నాకు ఇష్టము లేకపోయెను. వేసిన మార్పును తీసివేయుటవలన బండి వెల పెరుగుట ఆయనకు మొదట వింతగా తోచినదట. యాజమాన్య బదిలీకి కావలసిన 29వ ఫారము, 30వ ఫారములపై సంతకములయ్యెను, ఆర్.సి.లో నలుపు అని ఉన్న రంగును ఎరుపుగా నమోదు చేయింపుమని మేనల్లునికి చెప్పితిని. అమ్మినవాడు పదునాలుగు దినములలోపల బదిలీని రవాణా కార్యాలయమునకు తెలుపవలెనన్న నియమమును మాత్రము ఆయనకు గుర్తుచేయ పని లేకపోయెను, మరునాడే తెలిపివచ్చెను.

ఆ వెడల్పాటి చక్రమును కాకినాడ కుర్రవాడొకడు తన బండికి కావలెనని కొనుక్కొనిపోయెనట. రొక్కము తీసికొనకముందే వానిని కూర్చుండబెట్టి, చేతికి పురికొస ఇచ్చి, వాని బండిపైనే పరీక్ష చేసి చూపి పంపితినని ఆయన నాకు ఫోనులో చెప్పెను.