ఏడు దెబ్బల పాట

బాత్ ఊరి పక్కనున్న సాల్స్‌బరీ కొండ ఎక్కినప్పుడల్లా పీటర్ గేబ్రియల్ పాట గుర్తొస్తుంది. పేరు తెచ్చిన జెనెసిస్ బృందాన్ని 1975లో వదిలేసి, కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి, 1977లో తన పేరుతో తెచ్చిన తొలి ఆల్బమ్‌లోది. పేరూ ఆ కొండదే. వస్తువు, వదిలి రావడం.

రాక్ పాటకు అలవాటైన నాలుగు దెబ్బల నడక కాదిది, ఏడు. మన మిశ్రచాపులా తొడమీద లెక్కపెట్టుకోవచ్చు. చెవి ఎనిమిదో దెబ్బకోసం ఎదురుచూస్తుండగానే మళ్ళీ ఒకటి మొదలైపోతుంది. ఆల్బమ్‌లో మరికొన్ని పాటల్ని వాద్యాల హోరు మింగేసింది. ఇందులో మాత్రం ధైర్యంతోపాటు తడబాటూ వినిపిస్తుంది. అందుకే నమ్ముతాను.

"అంత దూరం వెళ్ళి మంచిపనే చేశావంటావా?" అని అమ్మ ఫోన్లో అడిగితే, నా జవాబులోనూ ఒక దెబ్బ తక్కువే.